ఆ బొంత ఆడపడుచుదే. మరి మీ అమ్మ మాటేమిటి?

గాజువాక నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. మంచాన పడిన అత్తగారికి ఆరేళ్లు సేవ చేశారట. అత్తగారు తన తల్లి నూలు చీరలతో కుట్టుకున్న బొంతను, ఆవిడ పోయిన పన్నెండో రోజునే ఆడపడుచు సంచీలో పెట్టుకుని వెళ్లిపోయిందట. "పెద్ద కోడలిని, చాకిరీ చేసినదాన్ని. దాని మీద హక్కు నాది కాదా?" అని అడుగుతున్నారు.

కాదమ్మా. అవి ఆ అమ్మాయికి అమ్మమ్మ చీరలు. అడగకుండా తీసుకుపోవడం మర్యాద కాదు. ఆ మాట ఫోనులో ఆమెకే చెప్పి, అక్కడితో వదిలేయండి. ఆరేళ్లు మీరు మార్చిన పక్కలకు బొంత కూలి కాదు. మీ సేవకు మీరే వెల కట్టుకోకండి.

నన్ను పట్టి ఆపింది ఉత్తరం చివర మీరు రాసిన మాట. "హుద్‌హుద్ తుపానులో తడిసిన మా అమ్మ బొంతలను వదిన పారేసింది. అప్పటి నుంచి అనకాపల్లిలో అన్నయ్య గడప తొక్కలేదు. అమ్మ అక్కడే ఉంది." ఆడపడుచు మీద మూడు పేజీలు, కన్నతల్లి మీద మూడు వాక్యాలు! హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. ఎన్నేళ్లయిందో ఒకసారి లెక్కపెట్టుకోండి.

ఆ రోజులు నాకూ గుర్తే. సీతమ్మధారలో మా కిటికీ అద్దాలు పగిలి వాన గదుల్లోకి కొట్టింది. రోజుల తరబడి కరెంటు లేదు, కొళాయిలో నీళ్లు లేవు. నాలుగైదు పొరల పాత నూలు తడిస్తే ఎత్తడమే కష్టం. పైపొర ఆరినట్టే కనిపిస్తుంది, లోపల చెమ్మ నిలిచి బూజు పడుతుంది. మా అమ్మ కుట్టిన బొంతను నా చేతులతోనే బయట పడేశాను. నన్ను ఎవరూ తప్పుపట్టలేదు. అదే పని చేసినందుకు మీరు వదినకు శిక్ష వేశారు, దాన్ని మీ అమ్మ అనుభవిస్తోంది. తల్లిని చూడటానికి వదిన క్షమాపణ దాకా ఆగాలా? నా మనసు ఒప్పుకోదు.

ఈ ఆదివారం బస్సెక్కండి. బాగా ఉతికి మెత్తబడిన మీ నూలు చీరలు నాలుగు తీసుకెళ్లండి. పట్టు, సింథటిక్ వద్దు, పొరలు జారిపోతాయి. అమ్మకు చూపు ఆనకపోతే సూదిలో దారం మీరు ఎక్కించండి. పొరలు కదలకుండా ముందు పెద్ద కుట్లు వేసి, తరువాత అంచు నుంచి లోపలికి కుట్టుకుంటూ రావాలి. అదంతా ఆవిడకు తెలుసు. కుడుతున్నప్పుడు, ఆ పాత బొంతల్లో ఏ చీర ఎవరిదో, ఏ పెళ్లికి కొన్నదో అడగండి. బొంతలు పోయినా చెప్పే మనిషి ఉంది, అదీ ఇంకెన్నాళ్లో.

చీరలు నేల మీద పరిచి ముడత లేకుండా లాగడం ఇద్దరి వల్ల కాదు. ఒక కొస పట్టుకోమని వదినను పిలవండి.