కాల్‌కీ కాల్‌కీ మధ్య పది సెకన్లు

"పొద్దున లేచింది మొదలు పరుగే, జపమాల చెప్పుకునే తీరిక కూడా లేదు, పనిలో ప్రార్థనను ఎలా కలుపుకోవాలి?" అని మీరు అడిగారు. నేనూ మీలాగే కతోలిక క్రైస్తవుణ్ణే, ఇదే ప్రశ్నతో రెండేళ్లు తిప్పలు పడ్డాను. నాది కస్టమర్ కేర్ ఉద్యోగం. హెడ్‌సెట్ పెట్టుకుంటే మళ్లీ తీసేది భోజనానికే.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. జేబులో జపమాల ఉంచుకుని, అవతలి మనిషి మాట్లాడుతుంటే ఇటు పూసలు తిప్పుతూ మనసులో మంగళవార్త జపం (మరియమ్మకు చేసే చిన్న ప్రార్థన) చెప్పుకునేవాణ్ణి. ఐదు రహస్యాలూ (జపమాలలోని ఐదు భాగాలు) పూర్తయితే ఆ రోజు గెలిచినట్టు లెక్క. ఒకసారి ఒకావిడను ఖాతా నంబరు మూడోసారి చెప్పమన్నాను. "అసలు వింటున్నారా?" అని ఆవిడ అడిగేసరికి నా వేలు పూస మీదే ఆగిపోయింది. పాపసంకీర్తనంలో, అంటే ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకునేటప్పుడు, ఈ సంగతి చెబితే ఫాదర్‌గారు నవ్వి, "నీకు జీతం ఇస్తున్నది వినడానికి కదా బాబూ" అన్నారు. అప్పటి నుంచి కాల్ నడుస్తుండగా జపమాల ముట్టుకోను. ఇంటికెళ్లే దారిలో చెప్పుకుంటాను, ఇరవై నిమిషాలు చాలు. ఒక్కోరోజు రెండో రహస్యంలో ఉండగానే దిగాల్సిన చోటు వచ్చేస్తుంది. అక్కడికే ఆపేస్తాను.

ఇప్పుడు వాడుకునేది కాల్‌కీ కాల్‌కీ మధ్య దొరికే పది సెకన్లు. "యేసువా, వచ్చే మనిషి మాట వినే ఓపిక ఇవ్వు." అంతే. తిట్టే కస్టమర్ తగిలితే బొటనవేలితో అరచేతిలో చిన్న సిలువ గుర్తు వేసుకుంటాను. కోపం ఎక్కడికీ పోదు గానీ, నోరు జారేలోపు ఒక క్షణం దొరుకుతుంది.

మధ్యాహ్నం 12కి త్రికాల జపం. చర్చిల్లో ఉదయం 6కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 6కి గంట కొట్టే ఆనవాయితీ దీనికోసమే. నాకు గంట బదులు ఫోన్ అలారం. మూడు మంగళవార్తలు, వాటి మధ్య దేవదూత మరియమ్మకు చెప్పిన కబురు, చివర చిన్న ప్రార్థన. రెండు నిమిషాల పని. (వైబ్రేషన్‌లో పెట్టుకోండి. నాది ఒకసారి మీటింగ్‌లో గట్టిగా మోగింది.)

నన్నడిగితే అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది రాత్రి ఆత్మశోధన. పునీత (సెయింట్) లొయోలా ఇగ్నేషియస్ నేర్పిన పద్ధతిలో మేలులకు కృతజ్ఞత ముందు, తప్పుల లెక్క తరువాత. ఆ వరుస తప్పిన రోజుల్లో నాకది మేనేజర్ పెట్టే రివ్యూలా తయారయ్యేది, టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. ఆ రోజు కాల్స్ గుర్తు చేసుకుంటాను. ఎవరి మీద విసుక్కున్నానో వాళ్ల పేరు గుర్తుండదు, గొంతు గుర్తుంటుంది. ఆ గొంతు కోసం ఒక పరలోక జపం (యేసు నేర్పిన ప్రార్థన). చాలాసార్లు సగంలోనే నిద్రపోతాను. ప్రార్థనలో కునికినందుకు సన్యాసిని అయిన పునీత చిన్న తెరెజమ్మే పెద్దగా బాధపడలేదు, నిద్రపోయే పిల్లలన్నా తల్లిదండ్రులకు ముద్దేనంది.

మీరు ఇవన్నీ ఒకేసారి నెత్తిన వేసుకోకండి. రేపటికి పన్నెండు గంటల అలారం ఒక్కటి పెట్టుకోండి, మిగతావి ఒక నెల పోయాక చూడొచ్చు.