కార్బన్ ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఒక మోపు కట్టెల లెక్క

మీరు అడిగింది ఇది: ఊరికి ఒక సంస్థ వాళ్ళొచ్చి, మెట్ట భూమిలో మొక్కలు ఉచితంగా నాటిస్తామని, 20 ఏళ్ళు నరక్కుండా ఉంచితే కార్బన్ డబ్బులొస్తాయని అంటున్నారు, నాన్నగారిని సంతకం పెట్టమంటున్నారు, పెట్టొచ్చా అని.

పాడేరు వైపు ఇలాంటి ప్రాజెక్టులోనే నేను నాలుగేళ్ళు ఫీల్డు సూపర్‌వైజరుగా చేశాను, 2013 నుంచి. మోసం అని కొట్టిపారేయను. కానీ చేతికి ఎంతొస్తుందో ముందు మీరే లెక్కేసుకోండి. ఆ లెక్క వాళ్ళు చెప్పరు.

మా దగ్గర 1.3 మీటర్ల ఎత్తుకు కోసిన వెదురు కర్ర ఉండేది. దాన్ని చెట్టుకు ఆనించి, పై కొస దగ్గర టేపు చుట్టి, చుట్టుకొలత రాసుకుని, పసుపు రంగు గీత పెట్టేవాళ్ళం. దాన్నుంచి కలప బరువు అంచనా వేస్తారు. ఎండు కలపలో దాదాపు సగం కార్బన్. దాన్ని కార్బన్ డయాక్సైడ్ లెక్కలోకి మార్చడానికి 3.67తో గుణిస్తారు. చెట్లు గాలిలోంచి పీల్చుకున్న కార్బన్ డయాక్సైడ్‌కు ఇచ్చే పత్రాన్ని క్రెడిట్ అంటారు, పొగ వదిలే కంపెనీలు దాన్ని కొంటాయి. తిరగేసి చూస్తే ఒక క్రెడిట్, అంటే ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్, సుమారు 580 కిలోల ఎండు కట్టె. వేళ్ళ బరువు కూడా కలుపుతారు కాబట్టి పైన కనపడే కలప కొంచెం తక్కువున్నా సరిపోతుంది.

ఒక పెద్దమ్మకి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, "అంత కట్టెకి ఎంతిస్తారు సారూ?" అంది. అప్పట్లో క్రెడిట్ నాలుగైదు డాలర్లు, మొత్తం ఇచ్చినా 300 రూపాయలకు అటూ ఇటూ. "మోపులు కట్టి సంతలో దింపితే దీనికి నాలుగింతలు వస్తుంది గదా" అని నవ్వింది. నా దగ్గర జవాబు లేదు. ఆమె చెట్లు నరకలేదు, నిజమే. అవి మామిడి, పనస చెట్లు, కాయలు ఆమెవే. కార్బన్ డబ్బు కోసమైతే ఒక్క చెట్టూ మిగిలేది కాదు.

ఆ 300 కూడా రైతుకు మొత్తం రాదు. లెక్క సరిగ్గా ఉందో లేదో చూసే ఆడిటర్లు బయటి నుంచి రావాలి, క్రెడిట్లు నమోదు చేసే రిజిస్ట్రీకి ఫీజు కట్టాలి, జీపు డీజిలు, నా జీతం, అన్నీ అందులోంచే. మొక్కలకు ముందుగా పెట్టుబడి పెట్టినవాళ్ళు క్రెడిట్లు తీసుకుంటారు. మా ఒప్పందం పద్నాలుగు పేజీలు ఇంగ్లీషులో ఉండేది, తెలుగులో అరపేజీ. వేలిముద్రలు వేయించింది నేనే, ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. కార్బన్ మీద హక్కు సంస్థకు రాసిచ్చినట్టు ఇంగ్లీషులో ఉంది, ఆ అరపేజీలో లేదు.

ఇక ధర. మా బావ గోదావరి జిల్లాలో ఒక ఊక కరెంటు ప్లాంటులో అకౌంట్సు చూసేవాడు. కాలుష్యం తగ్గించడానికి దేశాలు చేసుకున్న క్యోటో ఒప్పందం కింద, ఊకతో కరెంటు తీసినందుకు వాళ్ళకు క్రెడిట్లొచ్చేవి. 2008లో ఒక్కోటి 20 యూరోల దాకా పలికింది, 2012 చివరికి ఒక్క యూరో కూడా లేదు. యూరప్‌లో మాంద్యం, సరుకేమో గుట్టలు. పైగా 2012 తర్వాత నమోదయ్యే కొత్త ప్రాజెక్టుల క్రెడిట్లు అత్యంత వెనకబడిన దేశాలవైతేనే కొంటామని యూరోపియన్ యూనియన్ నిబంధన పెట్టింది. ఇండియా ఆ జాబితాలో లేదు. బావ వాళ్ళకేమో ఊక రేటు పెరిగింది, క్రెడిట్ రేటు పడిపోయింది. ఆడిట్ ఖర్చు కూడా గిట్టదని క్రెడిట్ల కోసం అడగడమే మానేశారు. మన టమాటా రైతు కష్టమే ఇదీ. రేటు కొనేవాడి చేతిలో ఉంటుంది.

తర్వాత కొన్ని దేశాల ప్రభుత్వాలు నేరుగా రంగంలోకి దిగాయి. దక్షిణ అమెరికాలో గయానా 2022 డిసెంబరులో 3.75 కోట్ల క్రెడిట్లు కనీసం 75 కోట్ల డాలర్లకు అమ్మింది. అంటే ఒక్కోటి 20 డాలర్లు, మా పెద్దమ్మకు చెప్పిన రేటుకు నాలుగింతలు పైనే. దేశం మొత్తం అడవిని ఒకే లెక్కలో పెట్టింది మరి. కొన్నది హెస్ అనే అమెరికా చమురు కంపెనీ. అదే గయానా సముద్రంలో చమురు తోడుతున్న భాగస్వాముల్లో అప్పట్లో అదీ ఒకటి, ఈ తమాషా చూడండి. ఆదాయంలో 15 శాతం ఆదివాసీ గ్రామాలకు అన్నారు. తమను సరిగ్గా అడగలేదని అక్కడి ఆదివాసీ సంఘం ఒకటి ఫిర్యాదు చేసింది. 2023 మేలో జింబాబ్వే ఇంకో అడుగు ముందుకేసి, ప్రాజెక్టుల ఆదాయంలో సగం ప్రభుత్వానిదే అంది. కంపెనీ చేతిలోంచి సర్కారు చేతిలోకి వెళ్ళిందే గానీ ఊరి చేతిలోకి ఎంత వచ్చిందో అనుమానమే.

మన దేశంలోనూ 2023లో కేంద్రం కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం నోటిఫై చేసింది. క్యోటో తర్వాత దేశాలు చేసుకున్న పారిస్ ఒప్పందం నియమాల ప్రకారం ఒక దేశం తన లెక్కలోంచి తీసి విదేశానికి అమ్మిన టన్నును మళ్ళీ తన ఖాతాలో చూపుకోకూడదు. కాబట్టి ఏది అమ్మాలి, ఏది వద్దు అన్నదాంట్లో ఢిల్లీ మాట ఉంటుంది. మీ సంస్థ ఆ అనుమతుల సంగతి చెప్పిందా?

నాన్నగారితో ఒప్పందం తెలుగులో మొత్తం రాసివ్వమని అడిగించండి. మధ్యలో ఇంటి అవసరానికి చెట్టు కొడితే ఏమవుతుందో, ధర పడిపోతే రైతుకు కనీసం ఎంతిస్తారో అందులో ఉండాలి. భూమి అటవీ హక్కుల పట్టా అయితే గ్రామసభలో అందరి ముందు చదివించండి. సంస్థవాళ్ళు తటపటాయిస్తే వదిలేయండి. పండ్ల మొక్కలే కావాలంటే మా వైపు ఉపాధి హామీలోనూ ఇచ్చేవాళ్ళు, గుంతలు తీసినందుకు కూలి కూడా వచ్చేది.