నమ్మకం పోయినాక

చిన్నోడికి పెదనాన్న ఆశీస్సులు.

దేవుడి మీద నమ్మకం పోయిందని రాసిన నీ జాబు చదివాను. నమ్మకం ఒక్క రోజులో పోయినా భయం ఒక పట్టాన పోదబ్బయ్యా. పిల్లకు జ్వరమొస్తే ‘మొక్కు ఎగ్గొట్టినందుకే’ అని లోపల గొణుగుతుంది. చిన్నప్పటినుంచీ చెవిన పడ్డ మాట అది, అంత తొందరగా ఊరుకోదు. ఆ పూట థర్మామీటర్ పెట్టి చూడు, డాక్టరు దగ్గరికి తీసకపో. దేవుడి సంగతి తర్వాత ఆలోచించుకోవచ్చు.

ఇంట్లో చెప్పడానికి పండగ పూటా తద్దినం పూటా వద్దు. ముందు నీ పెళ్లానికి ఒక్కదానికే చెప్పు. వాదం పెట్టుకోబాక. ‘నాకు నమ్మకం కుదరడంలేదు, నీ పూజకు అడ్డురాను’ అంటే చాలు. మీ అమ్మకు మాత్రం ఇంకోరకంగా వినపడుద్ది: ‘రేపు నాకు కర్మ చేస్తాడో లేదో’ అని. ఆమె నోరు తెరిచి అడగదు. నువ్వే ముందు చెప్పాల, చేస్తావో చెయ్యవో.

ఎంతవరకు కలుస్తావో గీత గీసుకో. మాలకొండ గుడి శనివారమే తీస్తారు. అమ్మ పోదామంటే బండి తియ్యి, క్యూలో సంచి పట్టుకో, కొబ్బరికాయ చేతికిస్తే కొట్టు. అర్చనలో నీ పేరు వద్దనుకుంటే ముందురోజే చెప్పు, పూజారి ముందర కాదు. అయ్యప్ప మాల మటుకు మొహమాటానికి వేసుకోబాక. 41 రోజులు రెండుపూటలా చన్నీళ్లు, నేలమీద పడక. నమ్మకం లేకుండా లాగితే సగం రోజులకే ఆ చిరాకంతా ఇంట్లోవాళ్ల మీద పడుద్ది.

ఇంకోటి. భజనకు పోవడం మానేస్తే దేవుడితోపాటు ఆ నలుగురి పలకరింపూ పోద్ది. ఆ గంటను ఖాళీగా ఉంచబాక. వాళ్లలో ఇద్దరితో అయినా టీ కొట్టుకాడ కూర్చో, లేదంటే అదే టైముకు పెన్నా గట్టున నడువు. రెండు వారాలైనా నిద్ర పట్టకపోతే 14416కు ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అది, మనసు బాగాలేనోళ్లకు సర్కారు పెట్టిన ఫోన్ సాయం, డబ్బులు అడగరు, తెలుగులోనే మాట్లాడతారు.

నెల్లూరు రొట్టెల పండగ సంగతి అడిగావు గదా. కోరిక ఉన్నోడు రొట్టె పట్టుకుంటాడు, తీరినోడు మళ్లీ వచ్చి ఇంకోడికి రొట్టె వదులుతాడు. పోయినేడు స్వర్ణాల చెరువులో ఉద్యోగం రొట్టె పట్టుకున్నావు, ఉద్యోగం వచ్చింది, ఇప్పుడు నమ్మకం లేకుండా రొట్టె వదలడం మోసం గాదా అని. కాదు, పోయి వదులు. తడిసిన ప్యాంటుతో నీళ్లలో నిలబడి ‘ఉద్యోగం రొట్టె ఎవరికాడుంది’ అని కేకేసే పిల్లోడికి రొట్టె కావాల, నీ నమ్మకం గాదు.

మీ పెదనాన్న