పెద్దమనిషి లేని రచ్చబండ

కడప

మేనల్లుడికి ఆశీస్సులు.

అనంతపురంలో మీరు 15 మంది కలిసి తెలుగు వికీపీడియాలో ఊళ్ల వ్యాసాలు సరిచేస్తున్నారని, మొదటి వారంలోనే నీ రాతను ఎవరో రద్దు చేశారని రాశావు. "నాది తీసేయడానికి ఆయనెవరు?" అన్నావు. ఎవరూ కాదబ్బీ. నువ్వెంతో ఆయనా అంతే. 2003లో పుట్టినప్పటి నుంచీ తెవికీ అట్లాగే నడుస్తోంది. నిర్వాహకులని కొందరుంటారు. పేజీ తొలగించడం, దానికి తాళం వేయడం, అల్లరి చేసేవాళ్లను నిరోధించడం వాళ్ల పని. ఏది నిజమో తీర్పు చెప్పే అధికారం వాళ్లకూ లేదు. అందరూ కలిసి మాట్లాడుకునే పేజీని అక్కడ రచ్చబండ అంటారు. దానికి పేరే ఉంది గానీ పెద్దమనిషి లేడు.

రద్దును తిట్టు కింద జమకట్టుకోకు. ముందు పేజీ పైన "చరిత్ర" నొక్కు. ప్రతి మార్పూ, చేసినవాళ్ల పేరూ, గంటా నిమిషమూ అందులో ఉంటాయి. నీ రాత ఎక్కడికీ పోలేదు. పక్కనే దిద్దుబాటు సారాంశంలో కారణం రాసి ఉందేమో చూడు. మూలం ఇవ్వలేదనో, పత్రికలో వచ్చింది వచ్చినట్టే దించావనో ఉంటుంది. రెండోదైతే వాదించొద్దు, నీ మాటల్లో తిరగరాయి. మొదటిదైనా వెంటనే మళ్లీ పెట్టేయకు. నువ్వు పెట్టడం, ఆయన తీయడం మొదలైతే, ఇంగ్లీషు వికీలో 24 గంటల్లో మూడు రద్దులు దాటగానే నిరోధం పడొచ్చు. మన దగ్గర రాసేవాళ్లే తక్కువ, నిరోధం కంటే ముందు మనసులు విరుగుతాయి. వ్యాసం చర్చా పేజీలో కొత్త విభాగం తెరిచి, మూలం చూపించి, చివర నాలుగు టిల్డెలు (~ గుర్తులు) కొట్టు. భద్రపరచగానే అవి నీ పేరూ సమయమూ అవుతాయి. ఆ తర్వాత వారం ఆగు. పగలు ఉద్యోగం చేసి రాత్రి రాసుకునేవాళ్లు అక్కడ చాలామంది. అప్పటికీ పలుకు లేకపోతే రచ్చబండలో ఒక్క వాక్యం రాసి, చర్చకు లింకు ఇవ్వు.

లేపాక్షి ఏ జిల్లాలో ఉందన్న నీ గొడవ అసలు గొడవే కాదు. పాత పుస్తకాలు అనంతపురం జిల్లా అంటాయి. 2022 ఏప్రిల్ 4 నుంచి అది శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. నీ మూలమూ తప్పు కాదు, ఆయనదీ తప్పు కాదు. ఇద్దరూ తేదీ రాయలేదు. బెలుం గుహలకూ ఇదే చిక్కు, ఆ రోజే అవి కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చాయి. జనాభా అంకె వేసినా "2011 జనగణన ప్రకారం" అని తగిలించు. తేదీతో తెగనివీ ఉంటాయి. రాయలసీమ అన్న పేరు 1928లో నంద్యాల సభలో వచ్చింది. పెట్టింది చిలుకూరి నారాయణరావు అని కొందరు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు అని కొందరు. అక్కడ గెలవాలని చూడొద్దు. ఇద్దరి పేర్లూ రాసి, ఏ మాట ఎవరు చెప్పారో మూలంతో సహా పెట్టు.

నాకు భయమంతా మీ వాట్సాప్ గ్రూపు గురించే. అక్కడ "సరే" అనుకుని 15 మందీ ఒక్కసారే వచ్చి మార్చేస్తే, బయటివాళ్లకు గుంపు కట్టి మీదపడ్డట్టే ఉంటుంది. చర్చలో పదిమంది చేత ఒకే మాట రాయించినా లాభం లేదు, తలలు లెక్కపెట్టరు, మూలాలు చూస్తారు. రెండో ఖాతా తెరిచి నీకు నువ్వే వత్తాసు పలకడం మాత్రం వద్దే వద్దు. పట్టుబడితే మిగతా 14 మంది రాతలూ అనుమానంలో పడతాయి. గ్రూపులో పని పంచుకోండి, ఎవరికి ఏ మండలం, ఫోటోలు ఎవరు అని. తీర్మానం మాత్రం చర్చా పేజీలోనే జరగనీ. ఆరేళ్ల తర్వాత వచ్చినవాడికీ ఎందుకట్లా రాశారో కనబడాలి కదా.

ఆదివారం కాలేజీలో కొత్తవాళ్లకు నేర్పిస్తామన్నావు. ఒక ఐపీ చిరునామా, అంటే ఒక నెట్ కనెక్షన్, నుంచి రోజుకు 6 కొత్త ఖాతాలే తెరవనిస్తుంది వికీపీడియా. కాలేజీ వైఫై మీద అందరూ ఒకేసారి కూర్చుంటే ఏడోవాడి దగ్గర ఆగిపోతుంది, మీరు చేసిన తప్పనుకుని సగంమంది లేచిపోతారు. ఎవరింట్లో వాళ్లు ముందే ఖాతా తెరుచుకుని రమ్మను. మొదటి గంట ప్రయోగశాల అనే సాధన పేజీలోనే రాయించు. వికీ ఫోటోలు దాచే కామన్స్‌కు ఎక్కించే ఫోటోలు తాము తీసినవే అయ్యుండాలి, ఫార్వర్డుగా వచ్చినవి వద్దు.

ఈ రాత్రే గ్రూపులో ఖాతాల సంగతి పెట్టు. పెట్టాక లేపాక్షి చర్చా పేజీ తెరువు.

ఇట్లు
మీ మామ