ఏడాది క్రైస్తవ సేవకు వెళ్తున్నా, ఎలా సిద్ధపడాలి?

డిగ్రీ అయ్యాక ఒక క్రైస్తవ సంస్థలో ఏడాది వాలంటీరుగా చేరుతున్నానని, ప్రయాణం దగ్గరపడేకొద్దీ ఇది నిజంగా దేవుని పిలుపేనా అని టెన్షన్‌గా ఉందని అడిగారు. నేనూ ఇలాగే వెళ్లొచ్చినవాణ్ణి కాబట్టి నాకు జరిగింది చెప్తాను.

బయలుదేరే ముందు ఆదివారం ఆరాధనలో నన్ను ముందుకు పిలిచి, తల మీద చేతులుంచి ప్రార్థన చేశారు. సరిగ్గా రెండు వారాలకి నేను బాత్రూములు కడుగుతున్నాను! నన్ను వేసింది బుద్ధిమాంద్యం ఉన్న పెద్దవాళ్ల హోంలో. వాక్యం చెప్తానని, పాటలు నేర్పుతానని ఏవేవో ఊహించుకున్నా. చేసింది మాత్రం స్నానాలు చేయించడం, దుప్పట్లు ఉతకడం, వేళకి మందులిచ్చి రిజిస్టర్లో రాయడం. రెండో నెలకి ప్రార్థనకి కూర్చుంటే నిద్ర తప్ప ఏమీ వచ్చేది కాదు. పిలుపు అబద్ధమని అప్పుడే తేల్చేసుకున్నాను. అది తప్పు. బైబిల్లో ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని చావు కోరుకుంటే దూత ఉపదేశం మొదలుపెట్టలేదు, తిండి పెట్టి మళ్లీ పడుకోనిచ్చాడు. అలసటని అవిశ్వాసం అనుకోకండి. మూడు నెలలు దాటేదాకా ఏ నిర్ణయమూ తీసుకోకండి.

పనికన్నా కష్టం తోటి వాలంటీర్లతో ఒకే ఇంట్లో ఉండటం. అమెరికాలో జెస్యూట్ వాలంటీర్ కోర్ అని ఒక క్యాథలిక్ స్వచ్ఛంద సేవా సంస్థ ఉంది, 1956లో అలాస్కాలో మొదలైంది. నిరాడంబరత, ఆధ్యాత్మికత, సామాజిక న్యాయంతో పాటు కలిసి జీవించడాన్ని కూడా వాళ్లు మూల సూత్రంగా పెట్టుకున్నారు. అదీ ఒక సూత్రమేనా అని మొదట్లో నవ్వుకున్నాను. సింకులో గిన్నెలు ఎవరు కడగాలన్న దానిమీద నలుగురు విశ్వాసులం వారం రోజులు మాట్లాడుకోకుండా ఉన్నాక అర్థమైంది. (ఆ గిన్నెలు నావి కావు, ఇప్పటికీ అదే మాట మీదున్నాను.) చివరికి వారానికోసారి కూర్చుని మనసులో ఉన్నది చెప్పుకోవడం మొదలుపెట్టాం. మీరైతే మొదటి వారం నుంచే పెట్టుకోండి.

ఇక అందరూ మొహమాటపడే విషయం. వారానికి సెలవు ఎన్ని రోజులు, చేతి ఖర్చులకి ఎంతిస్తారు, జబ్బు చేస్తే బిల్లు ఎవరు కడతారు, పై అధికారితోనే ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పుకోవాలి, మధ్యలో ఆపేస్తే తిరుగు ప్రయాణం ఎవరి ఖర్చు, ఇవన్నీ వెళ్లకముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. నేను అడగలేదు. మా సూపర్‌వైజర్ "సేవలో సెలవేమిటి బాబూ" అంటూ వరసగా ఐదు వారాలు సెలవు ఇవ్వలేదు. ఆరో వారం జ్వరంతో మంచం ఎక్కాను. నా పని కూడా మిగతావాళ్ల మీద పడింది. అడగడం విశ్వాసం లేకపోవడమేమీ కాదు. జర్మనీలో 1954లో ప్రొటెస్టెంట్ సంఘాల్లో యువతని ఇలాంటి సేవా సంవత్సరానికి పిలిచారు. పదేళ్లకి, 1964లో, స్వచ్ఛంద సేవా సంవత్సరానికి అక్కడ ఏకంగా చట్టమే వచ్చింది. ప్రేమతో చేసే పనికీ నియమాలు కావాలని వాళ్లకి తెలిసింది. మీరు అడిగినదానికి సంస్థవాళ్లు చిరాకు పడితే, ఆ చిరాకు గురించి ఒకసారి ఆలోచించండి.

ఇంటికి ఫోన్ రోజూ వద్దు. మొదట్లో నేను రోజూ చేసి, రోజూ ఏడ్చి, అమ్మని కూడా ఏడిపించాను. వారానికి రెండుసార్లకి తగ్గించాక ఇద్దరం తేరుకున్నాం.

సామాన్లలో బైబిలు ఎలాగూ పెట్టుకుంటారు. రోజంతా నిలబడినా కాళ్లు నొప్పి పుట్టని బూట్లు ఒక జత కొనుక్కుని, ఇప్పటినుంచే తొడిగి అలవాటు చేసుకోండి.