మారుతి 800 మైలేజీ: మార్చే ముందు లెక్క వేయండి

మీ 2005 మారుతి 800 లీటరుకు 14 కిలోమీటర్లే ఇస్తోంది, 20 ఇచ్చే కొత్త కారు కొనాలా అని అడిగారు. నెలకు 500 కిలోమీటర్లు తిరుగుతారన్నారు కదా, ఇప్పుడు సుమారు 36 లీటర్లు పడుతోంది, అప్పుడు 25. మిగిలే 11 లీటర్ల డబ్బు కొత్త కారు వాయిదాకు ఏ మూలకూ రాదు.

మీది 796 సీసీ ఇంజను, బరువు 700 కిలోల లోపే. అంత తేలిక బండి ఇంత తాగుతోందంటే నా అనుమానం చక్రాలను పూర్తిగా వదలకుండా పట్టేసే బ్రేకుల మీదే. మిగతా చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, ఒక్కో చక్రాన్నీ జాకీతో లేపి, న్యూట్రల్‌లో చేత్తో తిప్పండి. బిగుసుకుంటే దొంగ దొరికినట్టే. తర్వాత టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టరు, స్పార్క్ ప్లగ్గులు చూపించండి. పెట్రోలులో కలిపే ఇథనాల్ వల్లా కొంత తగ్గుతుంది గానీ, మరీ ఇంత కాదు. ఎయిర్‌బ్యాగుల కోసమైతే మాత్రం నిరభ్యంతరంగా మార్చండి.