సోమవారం హెచ్‌ఆర్ గదిలోకి వెళ్లే ముందు

బుజ్జమ్మకు మామయ్య ఆశీస్సులు.

సోమవారం పదకొండింటికి హెచ్‌ఆర్ వాళ్లు రమ్మన్నారని చెప్పి ఫోన్ పెట్టేశావు. మీ పత్రిక డెస్క్‌లో ఇప్పటికే నలుగురిని పిలిచారని, నలుగురూ సాయంత్రానికల్లా రాజీనామాలు ఇచ్చేశారని అన్నావు చూడు, ఆ మాటకి నాకు రాత్రంతా నిద్ర లేదు. ఫోన్‌లో చెబితే టెన్షన్‌లో సగం మర్చిపోతావని రాస్తున్నాను.

నన్ను పిలిచేనాటికి నాకు పద్నాలుగేళ్ల సర్వీసు. ఏ పత్రికో నీకు తెలుసు, ఇక్కడ రాయను. గదిలో ఇద్దరున్నారు. ఒకాయన మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపాడు, రెండో ఆయన టైపు చేసిన కాగితం జరిపాడు. పేరు, తేదీ దగ్గర మాత్రం ఖాళీ. 'వ్యక్తిగత కారణాల వల్ల రాజీనామా' అని అప్పటికే టైపు చేసి ఉంది. నా వ్యక్తిగత కారణాలు నాకంటే ముందు వాళ్లకే తెలిశాయన్నమాట! సబ్ ఎడిటర్నై ఉండి జేబులో పెన్ను లేకుండా వెళ్లింది ఆ ఒక్కరోజే. ఆయన తన పెన్ను మూత తీసి మరీ ఇచ్చాడు. సంతకం పెట్టేశాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. తర్వాత లేబర్ ఆఫీసుకి వెళితే, అక్కడి అధికారి ఆ కాగితం జిరాక్సు చూసి, "మీరే మానేశారు కదండీ" అన్నాడు. ఫైలు కూడా తెరవలేదు.

అందుకే చెబుతున్నా, సోమవారం ఏ కాగితం మీదా అక్కడికక్కడ సంతకం పెట్టకు. "ఇంటికి తీసుకెళ్లి చదివి చెబుతానండీ" అను. గొంతు పెంచొద్దు, ఏడుపొస్తే ఆపుకోవద్దు, సంతకం మాత్రం వద్దు. రాజీనామా చేస్తే రిలీవింగ్ లెటర్‌లో మచ్చ ఉండదని అంటారు. సంస్థ మనిషిని తగ్గించుకుంటే అది నీకు మచ్చ ఎలా అవుతుంది? తీసేస్తున్నామని వాళ్లు రాసిస్తే నోటీసు, సర్వీసులో ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల జీతం చొప్పున పరిహారం అడిగే హక్కు నీకు ఉంటుంది. నీ అంతట నువ్వే వెళ్తున్నానని రాశావంటే ఆ లెక్క అక్కడే చెరిగిపోతుంది. వాళ్లకి కావలసింది ఆ కాగితమే.

గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసుని బట్టి ఇచ్చే డబ్బు, దాని సంగతి విడిగా గుర్తుపెట్టుకో. బయట ఉద్యోగాల్లో మామూలుగా ఐదేళ్లు నిండాలి గానీ, జర్నలిస్టుకి మూడేళ్లు చాలు. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టంలో ఉన్న ఈ వెసులుబాటు కొత్త లేబర్ కోడ్‌లోనూ ఉంది. నీకు ఆరేళ్లు దాటాయి. చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో గుణించి, దాన్ని ఏళ్లతో గుణించు. ఆ అంకె కాగితం మీద వేసుకుని వెళ్లు. నువ్వు కాంట్రాక్టు మీద ఉన్నావు కాబట్టి పత్రికల ఉద్యోగుల జీతాలు ఖరారు చేసిన మజీథియా వేజ్ బోర్డు వర్తించదని ఎవరైనా అంటే, కాంట్రాక్టు వాళ్లకీ వర్తిస్తుందని 2017 జూన్ 19న సుప్రీంకోర్టు చెప్పిందని గుర్తుచెయ్యి. మిగతాది యూనియన్ వాళ్లు పెట్టే లాయరుతో మాట్లాడు. చట్టాలు మారుతున్న రోజులు, నా పాత చదువు ఒక్కదాన్నే నమ్ముకోకు.

"సంస్థ దగ్గర డబ్బు లేదమ్మా" అంటారు. అందులో అబద్ధం పెద్దగా లేదు. ప్రకటనలు గూగుల్‌కి, ఫేస్‌బుక్‌కి పోయాయి. 2020 లాక్‌డౌన్‌లో చాలా పత్రికల జిల్లా టాబ్లాయిడ్లు, అంటే చిన్న సైజు జిల్లా పేజీలు, మెయిన్ పత్రికలో కలిసిపోయాయి. 2022లో యుక్రెయిన్ యుద్ధంతో న్యూస్‌ప్రింట్, అంటే పత్రిక అచ్చేసే కాగితం, ధర ఆకాశానికెక్కింది. అయితే డబ్బు ఎవరికి లేదు అన్నది ఇంకో ప్రశ్న. అది నువ్వే చూసుకోవచ్చు. షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీ అయితే, ఒక్కో డైరెక్టరు జీతం, ఉద్యోగులందరినీ జీతాల వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో ఉండే ఉద్యోగి జీతానికి ఎన్ని రెట్లో ఏటా వార్షిక నివేదికలో వేయాల్సిందే. మన తెలుగు పత్రికల యాజమాన్యాలు చాలావరకు మార్కెట్లో లేవు. అయినా కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో కొద్దిపాటి ఫీజు కడితే బ్యాలెన్స్ షీటు దొరుకుతుంది. చివర్న సంబంధిత వ్యక్తులతో లావాదేవీలని ఒక నోట్ ఉంటుంది. చిన్న అక్షరాలు. డైరెక్టర్ల జీతాలు సాధారణంగా అక్కడ ఉంటాయి.

అమెరికాలో యూఎస్‌ఏ టుడే పత్రిక నడిపే కంపెనీ సంగతి చూడు, అప్పట్లో దాని పేరు గానెట్. 2022 ఆగస్టులో 400 మందిని తీసేసింది. అంతకు ముందు ఏడాది సీఈఓ మైక్ రీడ్‌కి జీతం, షేర్లు అన్నీ కలిపి ముట్టింది సుమారు 77 లక్షల డాలర్లు. అదే వరుసలో మధ్యన ఉండే ఉద్యోగికి 48 వేలు. అంటే 160 రెట్లు. ఆయన ఒక్క డాలరు కూడా తీసుకోకపోయినా ఆ 400 మందిలో 160 మంది మిగిలేవాళ్లు, 240 మంది ఎలాగూ వెళ్లేవాళ్లే. నేనే కాగితం మీద వేసిన లెక్క ఇది, ఆవేశం కొంచెం తగ్గించింది. కానీ ఆ 160 మందికి కూడా పిల్లలూ ఇంటి అద్దెలూ ఉంటాయి కదా. మరుసటి జూన్‌లో వాటాదార్ల సమావేశం రోజునే అక్కడి విలేకరులు పని మానేసి రోడ్డెక్కారు. రీడ్‌కి వ్యతిరేకంగా ఓటెయ్యమని వాటాదార్లనే అడిగారు. ఊరికే నినాదాలిచ్చి ఊరుకోకుండా లెక్క చూపించి అడిగారు, అది నాకు నచ్చింది.

నువ్వు ఆ గదిలో ఎండీ జీతం మాట ఎత్తొద్దు. ఎత్తితే ఎదురుగా కూర్చున్న ఆ హెచ్‌ఆర్ కుర్రాడు ఏం చేస్తాడు, వచ్చే నెల వాడి పేరూ జాబితాలో ఉండొచ్చు. ఆ అంకె నీ మనసులో ఉంటే చాలు. "ఒక నెల బేసిక్ ఇస్తాం, అదే ఎక్కువ" అన్నప్పుడు తల వంచుకోకుండా, "మిగతా లెక్క కూడా కాగితం మీద ఇవ్వండి" అనగలుగుతావు. 'నాకు రావలసినదంతా ముట్టింది' అన్న వాక్యం ఏ కాగితంలో కనిపించినా, డబ్బు బ్యాంకులో పడేదాకా కింద నీ పేరు రాయకు.

ఆదివారం నాడే ఒక పని చెయ్యి. అపాయింట్‌మెంట్ లెటర్, జీతం స్లిప్పులు, ఫారం 16, పీఎఫ్ నంబరు అన్నీ ఫోటోలు తీసి సొంత మెయిల్‌కి పంపుకో. పిలిచిన రోజే ఆఫీసు లాగిన్ ఆగిపోతుంది. డెస్క్ వాళ్లకి బైలైన్లు, అంటే వార్త మీద పేర్లు, ఉండవు కాబట్టి నువ్వు పెట్టిన మంచి పేజీలు అచ్చులోవి కత్తిరించి దాచుకో. వరదలప్పటి ఆ మొదటి పేజీ మీ అత్తయ్య బీరువాలో ఉందట, వెతకొద్దు.

నీ పెన్ను నువ్వు తీసుకెళ్లు, నోట్స్ రాసుకోవడానికి. బయటికి రాగానే ఫోన్ చెయ్యి, పదకొండు నుంచి నేను వరండాలోనే కూర్చుంటాను.

మీ మామయ్య